నాన్నగారి మందుల చీటీ: జనరిక్ మాత్రలు, నెల ఖర్చు, ఎవరి బాధ్యత

మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలు (చవక జనరిక్ మాత్రలను నమ్మవచ్చా, నెల ఖర్చు ఎలా తగ్గించుకోవాలి, జబ్బుకు బాధ్యత ఎవరిది) ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి కాబట్టి, వాటిని విడదీసే ముందు మీరు చెప్పిన వివరాలను మళ్లీ ఒకసారి రాస్తున్నాను. మీ నాన్నగారికి 66 ఏళ్లు. పద్నాలుగేళ్లుగా షుగరు, ఆ తరువాత బీపీ, మూడేళ్ల కిందట గుండెకు ఒక స్టెంటు, దానికి తోడు థైరాయిడ్. తొమ్మిది రకాల మాత్రలకు నెలకు రూ.4,180 అవుతోంది; పింఛను లేదు. అవే మందులు జన ఔషధి కేంద్రంలో (కేంద్ర ప్రభుత్వ పథకం కింద నడిచే చవక మందుల దుకాణంలో) వెయ్యి రూపాయల లోపే వస్తాయని మీకు ఎవరో చెప్పారు. డాక్టరుగారు మాత్రం కంపెనీ మార్చవద్దన్నారు. మీ బావగారు రెండు మాటలన్నారు. జనరిక్ మాత్రలంటే సుద్దముక్కలన్నది ఒకటి. నోరు కట్టుకోలేనివాళ్ల జబ్బులకు పన్నులు కట్టేవాళ్ల డబ్బు ఎందుకు తగలెయ్యాలన్నది రెండోది.

నేను డాక్టరును కాను. జీడిమెట్లలోని ఒక మాత్రల కర్మాగారంలో నాణ్యత పరీక్షల విభాగంలో పదకొండేళ్లు పనిచేసి, ఆ తరువాత తెనాలిలో మందుల షాపు పెట్టుకున్నాను. షాపు పెట్టి ఇరవై రెండేళ్లయింది. మాత్ర తయారయ్యే చోటును, అది చేతులు మారే చోటును రెండింటినీ దగ్గరగా చూసినవాడిగా రాస్తున్నాను. షాపు నడిపేవాడిగా నాకు దేనిలో ఎక్కువ మిగులుతుందో కూడా దాచకుండా చెబుతాను, ఎందుకంటే ఆ సంగతి తెలియకపోతే ఈ ధరల గొడవ అర్థం కాదు.

ముందుగా జనరిక్ అనే మాట. మన దేశంలో దానిని మూడు అర్థాల్లో వాడుతున్నారు. పేటెంటు గడువు తీరిపోయి, అనుమతి పొందిన ఏ కంపెనీ అయినా తయారుచేయగలిగిన మందు జనరిక్ మందు. అసలు అర్థం ఇదే. ఈ లెక్కన మీ నాన్నగారు ఇప్పుడు వాడుతున్న ‘మంచి కంపెనీ’ మాత్రలు కూడా జనరిక్ మందులే. బీపీకి టెల్మిసార్టన్, కొలెస్టరాల్‌కు అటోర్వాస్టాటిన్, స్టెంటు మూసుకుపోకుండా క్లోపిడోగ్రెల్, షుగరుకు మెట్‌ఫార్మిన్, ఇవేవీ ఆ పెట్టె మీద పేరున్న కంపెనీ కనిపెట్టినవి కావు. మెట్‌ఫార్మిన్‌ను ఫ్రాన్సులో 1957లోనే రోగులకు ఇవ్వడం మొదలుపెట్టారు. మనం బ్రాండు అని పిలుచుకునేది చాలావరకు ఒక జనరిక్ మందుకు ఒక కంపెనీ పెట్టుకున్న ముద్దుపేరు. కాబట్టి మీ ఇంట్లో జరుగుతున్న వాదన బ్రాండుకూ జనరిక్‌కూ మధ్య జరుగుతున్నది కాదు, ఎక్కువ ధర జనరిక్‌కూ తక్కువ ధర జనరిక్‌కూ మధ్య జరుగుతున్నది.

రెండో అర్థం మందుల షాపుల్లో వినిపించేది. కంపెనీ తన మెడికల్ రెప్‌లను డాక్టర్ల దగ్గరకు తిప్పకుండా, నేరుగా స్టాకిస్టుల ద్వారా షాపులకు అమ్మే సరుకును మా వ్యాపారంలో జనరిక్ అంటారు. దీనికీ ఒక బ్రాండు పేరు ఉంటుంది, దీని మీదా ఎంఆర్‌పీ ఉంటుంది. మూడో అర్థం జన ఔషధి. 2008 నవంబరులో అమృత్‌సర్‌లో మొదటి కేంద్రం తెరిచారు. చాలాకాలం నత్తనడక నడిచిన పథకం 2015 తరువాత ఊపందుకుని ఇప్పుడు దేశంలో 15 వేల కేంద్రాలు దాటింది. ఇక్కడ ముద్దుపేరు ఉండదు, మందు అసలు పేరే ఉంటుంది.

రెండో రకం సరుకు గురించి కొంచెం విపులంగా చెప్పాలి. నా షాపుకు వచ్చే ఇన్వాయిస్‌లలో, స్ట్రిప్ మీద రూ.98 అని అచ్చయిన ఒక ఎసిడిటీ మందు నాకు రూ.14కు పడిన సందర్భం ఉంది. నేను 20 శాతం తగ్గించి అమ్మితే కొన్నవాడు సంతోషంగా వెళతాడు. నాకు మిగిలేది అరవై రూపాయల పైమాటే. పక్క అరలోనే ఉన్న పేరున్న కంపెనీ మాత్ర మీద నాకు మిగిలేది నూటికి ఇరవై రూపాయలు, కొన్నింటి మీద పదహారు. జన ఔషధి కేంద్రం నడిపేవాడికి కూడా 20 శాతమే, అయితే పది రూపాయల స్ట్రిప్ మీద ఇరవై శాతమంటే రెండు రూపాయలు. ఇప్పుడు చెప్పండి, మూడింటిలో ఏది మీ చేతిలో పెట్టాలని షాపువాడికి అనిపిస్తుంది? ‘జనరిక్’ అని నమ్మి మీరు కొన్నది నిజంగా చవకైన మందు అయి ఉండవచ్చు, కానీ ఆ చవక మీదాకా రాకుండా మధ్యలోనే ఆగిపోయి ఉండవచ్చు. డిస్కౌంటు బోర్డు పెద్దదైనంత మాత్రాన బిల్లు చిన్నదవుతుందని అనుకోకూడదు.

ధరల నియంత్రణ లేదా అని అడుగుతారు. ఉంది, కానీ అందులో ఒక మెలిక ఉంది. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో ఉన్న మందులకు జాతీయ ఔషధ ధరల సంస్థ గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. 2022లో సవరించిన ఆ జాబితాలో 384 మందులున్నాయి. అయితే ఆ గరిష్ఠ ధరను తయారీ ఖర్చును బట్టి లెక్కగట్టరు. మార్కెట్‌లో కనీసం ఒక శాతం వాటా ఉన్న కంపెనీలు చిల్లర వర్తకుడికి ఇచ్చే ధరలన్నింటి సగటు తీసి, దాని మీద 16 శాతం షాపు మార్జిన్ కలుపుతారు. అప్పటికే ధరలు ఎక్కువగా ఉన్న చోట సగటూ ఎక్కువే ఉంటుంది. జాబితాలో లేని మందులకైతే ఏడాదికి 10 శాతం దాకా పెంచుకునే వీలుంది. ఇక రెండు మూడు మందులను కలిపి ఒకే మాత్రగా తెస్తే, విడిగా నియంత్రణలో ఉన్న మందు కూడా నియంత్రణ బయటికి జారుకోవడానికి సందు దొరుకుతుంది. అర్థంపర్థం లేని ఇలాంటి కలయికలను కేంద్రం 2016లో 344, 2018లో 328, 2024 ఆగస్టులో 156 నిషేధించింది. అన్ని కలయికలూ చెడ్డవని అనడం లేదు, టెల్మిసార్టన్‌తో ఆమ్లోడిపిన్ కలిపిన మాత్ర పనికివచ్చేదే. కానీ మీరు పంపిన జాబితాలో ఒకే మాత్రలో ఐదు రకాలు కలిపిన ‘నరాల బలం’ మాత్రను చూసి నాకు కొంచెం నవ్వొచ్చింది.

నియంత్రణ పనిచేసిన చోటు కూడా మీ ఇంట్లోనే ఉంది. మందు పూత ఉన్న స్టెంటుకు 2017 ఫిబ్రవరి దాకా లక్షకు పైగా బిల్లు వేసేవారు. ఆ నెలలో గరిష్ఠ ధర రూ.29,600 అని నిర్ణయించాక గుండె డాక్టర్లు స్టెంట్లు వేయడం మానలేదు, కంపెనీలు మూతపడలేదు. మీ నాన్నగారి స్టెంటు ఆ తరువాతి కాలానిదే.

ఇప్పుడు బావగారి సుద్దముక్కల మాట. దీనిని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే నేను పదకొండేళ్లు చేసిన పని ఆ అనుమానాన్ని తీర్చే పనే. మాత్రలో మందు ఎంత ఉందో చూడడం ఒక పరీక్ష. అంతకన్నా పట్టింపుగా చూసేది అది ఎంత వేగంగా కరుగుతుందన్న దానిని. వరుసగా ఆరు గాజు పాత్రలు, వాటిలో ఒక్కొక్క దానిలో 900 మిల్లీలీటర్ల ద్రవం, చుట్టూ నీటి తొట్టి, మన ఒంటి వేడిలాగా 37 డిగ్రీలు. ఒక్కో పాత్రలో ఒక్కో మాత్ర వేసి, లోపల తెడ్డును నిర్ణీత వేగంతో తిప్పుతూ, గడియారం చూసుకుంటూ సరిగ్గా చెప్పిన నిమిషానికి సిరంజితో కాస్త ద్రవం తీసి, అందులోకి మందు ఎంత దిగిందో కొలుస్తాము. ఆరింటిలో ఒకటి వెనకబడితే మరో ఆరింటిని వేయాలి. ఒక వర్షాకాలంలో, గ్రాన్యూల్స్‌లో (మాత్రగా నొక్కే ముందటి గుళికల పొడిలో) తేమ ఎక్కువై, రోజూ సవ్యంగా కరిగే మాత్ర మొండికేసింది. ఆ బ్యాచ్ మొత్తం, లక్షల మాత్రలు, పక్కన పెట్టేశాము. ఆ బ్యాచ్ రెండు వేర్వేరు పేర్లతో రెండు కంపెనీలకు వెళ్లవలసినది. ఒకదాని పెట్టె ధర రెండోదానికి దాదాపు మూడింతలు. పాత్రలో పడిన మాత్రకు తన పెట్టె ధర తెలియదు.

పెద్ద కంపెనీల మందులు కూడా ఎన్నో వాళ్ల సొంత కర్మాగారాల్లో తయారు కావు. మీ దగ్గర ఉన్న స్ట్రిప్‌లను వెనక్కి తిప్పి చూడండి. పెద్ద అక్షరాల్లో ఉన్నది అమ్మేవాళ్ల పేరు, చిన్న అక్షరాల్లో ఉన్నది తయారుచేసినవాళ్ల పేరు. చాలాసార్లు అక్కడ హిమాచల్‌లోని బద్దీ చిరునామానో, ఉత్తరాఖండ్ చిరునామానో కనిపిస్తుంది. నూటపాతిక రూపాయల స్ట్రిప్‌ను, ముప్పై రూపాయల స్ట్రిప్‌ను ఒకే కర్మాగారం చేయడం మా వాళ్లకు వింత కాదు.

ఇంతమాత్రాన అంతా బాగుందని అనను. ఒకే కర్మాగారంలో తయారైనంత మాత్రాన ఒకే ఫార్ములా, ఒకే శ్రద్ధ ఉంటాయని హామీ లేదు. కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ ప్రతి నెలా నాణ్యత పరీక్షలో తప్పిన బ్యాచ్‌ల జాబితా ప్రకటిస్తుంది. అందులో చిన్న పేర్లూ ఉంటాయి, పెద్ద పేర్లూ ఉంటాయి. దేశంలోనే అతిపెద్ద కంపెనీల్లో ఒకటిగా పేరున్న రాన్‌బాక్సీ 2013లో అమెరికా కోర్టులో తప్పు ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు చెల్లించింది. అంటే ధర నాణ్యతకు పూచీ కాదు, చవక నాసితనానికి రుజువూ కాదు. మరొక లోపం మన చట్టంలోనే చాలాకాలం ఉండేది. రెండు కంపెనీల మాత్రలు రక్తంలోకి ఒకే తీరున చేరుతున్నాయా అని మనుషుల మీద చూసే జీవ సమానత పరీక్ష మన దేశంలో పాత మందులకు తప్పనిసరిగా ఉండేది కాదు. కడుపులో సులువుగా కరగని రకాలకు 2017 ఏప్రిల్‌ నుంచి దానిని తప్పనిసరి చేశారు. అంతకు ముందే లైసెన్సు తెచ్చుకున్న సరుకు ఇంకా అరల్లో ఉంది. మీ డాక్టరుగారు కంపెనీ మార్చవద్దనడం వెనక ఈ భయం ఉంటే అది అర్థం లేని భయం కాదు. ఆ భయానికి సరైన విరుగుడు గట్టి తనిఖీ. ఆ తనిఖీ జరుగుతుందన్న నమ్మకం లేక, మనం దాని బదులు పెట్టె మీద పేరును కొనుక్కుంటున్నాము. నెలకు మీరు అదనంగా కడుతున్న మూడు వేలలో ఎక్కువ భాగం ఆ నమ్మకం ఖరీదే.

జన ఔషధి సరుకు విషయంలో ఒక మంచి ఏర్పాటు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల సర్టిఫికెట్ ఉన్న కర్మాగారాల నుంచే కొంటారు. గిడ్డంగికి వచ్చిన ప్రతి బ్యాచ్‌ను గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షించాకే కేంద్రాలకు పంపుతారు. ఆ కేంద్రాల అసలు ఇబ్బంది సరుకు అందుబాటు. ఈ నెల ఉన్న మందు వచ్చే నెల లేకపోవచ్చు.

అన్నట్టు, మీ నాన్నగారిలాగా మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ (మందును నెమ్మదిగా వదిలే) మాత్ర వాడేవాళ్లు ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నా షాపుకు వచ్చి, గొంతు తగ్గించి, మాత్ర మలంలో అలాగే వచ్చేసిందని, నకిలీదని చెబుతారు. అది మాత్ర డొల్ల. నెమ్మదిగా వదిలే మాత్రల్లో మందు బయటికి పోయినా, దానిని పట్టి ఉంచే జిగురు పదార్థం ఆకారం చెడకుండా బయటపడడం మామూలే. ఖరీదైన బ్రాండుల్లోనూ ఇంతే. గ్లాసు నీళ్లలో మాత్ర వేసి కరగలేదని చూపించే వీడియోలు కూడా ఇలాంటివే. కొన్ని మాత్రలు కరగకుండా ఉండాలనే చేస్తారు.

హైదరాబాదు పరిసరాల్లో ఉండి జనరిక్ మందులను తక్కువగా చూడడం కొంచెం వింతగా కూడా ఉంటుంది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు పేటెంటు ఇవ్వకుండా, తయారుచేసే పద్ధతికి మాత్రమే ఇచ్చింది. అందువల్ల అదే మందును మరో దారిలో తయారుచేసే నేర్పు మనకు బతుకుతెరువయింది. బాలానగర్‌లోని ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్ ఆ నేర్పుకు బడి. అందులో పనిచేసి వచ్చిన కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. 2005లో మందులకు పేటెంట్లు తిరిగి వచ్చాక కూడా ఆ దారి పూర్తిగా మూసుకోలేదు. కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్‌కు నెలకు రూ.2.8 లక్షలు అవుతుండగా, 2012 మార్చిలో హైదరాబాదు కంపెనీ నాట్కోకు తప్పనిసరి లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా తయారుచేసే అనుమతి) ఇచ్చినప్పుడు ఒప్పుకున్న ధర రూ.8,880. అమెరికాలో డాక్టర్లు రాసే చీటీల్లో పదింట తొమ్మిది జనరిక్ మందులతోనే నడుస్తున్నాయి. వాటిలో మన పాశమైలారం నుంచి, పైడిభీమవరం నుంచి వెళ్లేవీ ఉన్నాయి. అక్కడున్న మన పిల్లలు మింగే మాత్ర ఇక్కడి తండ్రికి పనికిరాదని అనడానికి కారణం ఉండాలి. ఉన్న ఒకే కారణం తనిఖీలో తేడా. దాని గురించి పైన చెప్పాను.

బావగారి రెండో మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నాను, ఎందుకంటే ఈ మాట ఈమధ్య చదువుకున్నవాళ్ల నోట ఎక్కువగా వింటున్నాను. తిండి అదుపు లేకపోవడం, నడక లేకపోవడం షుగరుకు దారితీస్తాయన్నది నిజమే. ఎంతవరకు నిజమో చెప్పే లెక్క కూడా మన దగ్గరే ఉంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం, షుగరు అంచుకు వచ్చి ఇంకా పూర్తిగా రాని 531 మందిని సుమారు మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాతో వదిలేసినవారిలో 55 శాతం మంది షుగరు రోగులయ్యారు. తిండి, నడక శ్రద్ధగా మార్పించినవారిలో 39.3 శాతం, తక్కువ మోతాదు మెట్‌ఫార్మిన్ ఇచ్చినవారిలో 40.5 శాతం, రెండూ చేసినవారిలో 39.5 శాతం.

ఈ అంకెలను నిదానంగా చదవండి. అలవాట్లు మార్చుకోవడం మందుతో సమానంగా పనిచేసింది, కాబట్టి బావగారి మాటలో పస ఉంది. అయితే వెంటపడి గుర్తుచేసే వైద్య బృందం అండగా ఉండి కూడా, చెప్పినట్టు నడుచుకున్న వర్గంలో వందకు 39 మంది షుగరు బారిన పడ్డారు. వీళ్లను నోరు కట్టుకోలేనివాళ్లని ఎలా అందాం? పుట్టినప్పటి బరువు, తల్లి పోషణ, వంశం, పొట్ట చుట్టూ కొవ్వు చేరే మన ఒంటి తీరు, వీటిని ఎవరూ ఎంచుకుని పుట్టలేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో ప్రకటించిన సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉంది. పది కోట్ల మందికి ఒకేసారి శీలం చెడిందని నేను అనుకోను. ఇక ఉద్దానం సంగతి చూడండి. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడితోటల్లో పనిచేసే మనుషులకు, షుగరు బీపీలు లేనివాళ్లకు కూడా, మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. డయాలసిస్ మంచం మీదున్న ఆ కూలీని నీ బాధ్యత ఏమైందని అడగగలమా?

బాధ్యత అన్నదే లేదని కాదు. పొగాకు విషయంలో నేను బావగారి పక్షమే. చీటీ లేకుండా వచ్చి యాంటీబయాటిక్ మూడు మాత్రలు కోసి ఇమ్మనేవాళ్ల విషయంలోనూ అంతే. వాళ్లకు అమ్మే మాలాంటివాళ్లకూ ఆ తప్పులో సగం వాటా ఉంది. కానీ రోజూ కౌంటరు దగ్గర నిలబడేవాడికి బాధ్యత మరో రూపంలో కనిపిస్తుంది. మా ఊరి మార్కెట్ యార్డులో మూటలు మోసే ఒకాయన శనివారం శనివారం వచ్చేవాడు. మూడు మందులు కలిపిన బీపీ మాత్ర, ఒక్కొక్కటి 17 రూపాయలు. ఐదు కోసి ఇమ్మనేవాడు. వారానికి ఏడు రోజులు కదా అని అడిగితే, “ఆదివారం, సోమవారం పని ఉండదు సార్, మందుకీ సెలవే” అనేవాడు. స్ట్రిప్ కోస్తే మిగిలిన ముక్క మీద గడువు తేదీ ఉంటే పేరు ఉండదు, పేరు ఉంటే తేదీ ఉండదు. ఆయన జేబులో అలాంటి పేరులేని ముక్కలు నాలుగైదు ఎప్పుడూ ఉండేవి. ప్రభుత్వ ఆస్పత్రి డాక్టరు చేత అవే మూడు మందులను విడివిడిగా, అసలు పేర్లతో రాయించుకోమని ఒకసారి చెప్పాను. రెండు అక్కడే ఉచితంగా దొరికాయి, మూడోది జన ఔషధిలో మాత్ర రెండు రూపాయల లోపు. ఆ తరువాత ఆయన నా దగ్గర మందు కోయించుకోలేదు, వారానికి ఏడు రోజులూ వేసుకుంటున్నాడు. నేను ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. బీడీ మాత్రం మానలేదు. అది వేరే సంగతి.

మందు మధ్యలో ఆపేవాళ్లలో నిర్లక్ష్యం వల్ల ఆపేవాళ్లు ఉంటారు, డబ్బు లేక ఆపేవాళ్లు ఉంటారు. బయటినుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ధర తగ్గించి చూస్తే గానీ ఎవరు ఎవరో తేలదు. మన దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం, 2021-22 నాటికి అది 39.4 శాతానికి దిగింది. దిగినా, అప్పటికీ వంద రూపాయల్లో దాదాపు నలభై. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరో ప్రాణాలు కాపాడింది, కానీ అది ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. గుండెపోటు వచ్చాక లక్షలు కట్టే ఏర్పాటు ఉండి, గుండెపోటు రాకుండా ఆపే రెండు రూపాయల మాత్ర కోసం మనిషి జేబు తడుముకోవలసి రావడం నాకు తలకిందుల లెక్కగా తోస్తుంది. పన్నుల డబ్బు గురించి బావగారికి నిజంగా బాధ ఉంటే, పీహెచ్‌సీలో బీపీ మందు ఏ నెలా అయిపోకుండా చూడాలని అడగడమే ఆయనకు లాభసాటి.

ఇక మీరు చేయవలసిన పని. షాపువాడిని “దీనికి బదులు చవకది ఇవ్వు” అని అడగవద్దు. షెడ్యూల్ హెచ్ (డాక్టరు చీటీ మీదే అమ్మవలసిన) మందుల చీటీలో ఒక బ్రాండు రాసి ఉంటే, అందులోని మందే ఉన్నా సరే మరో బ్రాండు ఇవ్వడానికి 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లోని 65వ నిబంధన మాకు అధికారం ఇవ్వదు. మార్చవలసింది డాక్టరే. 2016 నుంచి డాక్టర్లు మందుల అసలు పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలన్న నియమం ఉంది. దానిని మరింత బిగిస్తూ 2023 ఆగస్టులో తెచ్చిన నిబంధనలను అదే నెలలో నిలిపివేశారు. నియమం చూపించి డాక్టరుగారితో తగువు పెట్టుకోవద్దు. తొమ్మిది మందుల అసలు పేర్లు, మోతాదులు, నెల ఖరీదు ఒక కాగితం మీద రాసుకెళ్లి, “అయ్యా, నెలకు నాలుగు వేలు మాకు భారంగా ఉంది, వీటిలో ఏవి మార్చవచ్చు, ఏవి మార్చకూడదు, ఏవి ఆపవచ్చు” అని అడగండి. మార్చవద్దని చెప్పిన డాక్టర్లు కూడా ఖర్చు సంగతి నోరు తెరిచి చెబితే వింటారు. చాలామంది రోగులు మొహమాటపడి ఆ మాటే ఎత్తరు.

ఏవి ఆపవచ్చు అన్న ఆ చివరి ప్రశ్నను వదలకండి. మీ జాబితాలో కాల్షియం, నరాల బలం మాత్ర, ఎసిడిటీ మాత్ర, ఈ మూడింటికే రూ.1,150 పోతోంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు బీ12 తగ్గే మాట నిజమే, కాబట్టి ఒకసారి రక్తపరీక్ష చేయించి, తగ్గి ఉంటే ఉత్త బీ12 మాత్ర చాలేమో అడగండి. ఎసిడిటీ మాత్రను స్టెంటు తరువాత కడుపులో రక్తస్రావం కాకుండా రాసి ఉండవచ్చు, మీ అంతట మీరు మానేయవద్దు. షుగరుకు వాడే సిటాగ్లిప్టిన్ దగ్గర మీకు పెద్ద తేడా వస్తుంది. పేటెంటు గడువు 2022 జూలైలో తీరింది. ఆ సెప్టెంబరులోనే జన ఔషధిలో 50 మిల్లీగ్రాముల పది మాత్రలను రూ.60కి తెచ్చారు. మీ చీటీలో ఉన్న పేరు ఇంకా పాత ధరల దారిలోనే నడుస్తోంది.

మార్చేటప్పుడు అన్నింటినీ ఒకే రోజు మార్చవద్దు. తేడా వస్తే ఏ మాత్ర వల్ల వచ్చిందో తెలియదు. ముందు కొలెస్టరాల్ మందు, బీపీ మందు మార్చి, రెండు వారాలు ఇంట్లో రోజూ ఒకే వేళకు బీపీ చూసి పుస్తకంలో రాయండి. అది నిలకడగా ఉంటే షుగరు మందులు మార్చి, వేలి పరీక్షలు కొన్ని, మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ (గడిచిన మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) చేయించండి. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ స్టెంటు మూసుకుపోకుండా కాపాడే మందులు. సరుకు దొరకలేదన్న సాకుతో వాటిని ఒక్క రోజు కూడా ఆపకూడదు కాబట్టి, వాటిని మార్చితే చేతిలో కనీసం పదిహేను రోజుల నిల్వ పెట్టుకునే మార్చండి.

థైరాయిడ్ మాత్రను మాత్రం ఉన్నదాన్నే ఉంచండి. మోతాదులో చిన్న తేడాకే ఒంట్లో మార్పు చూపించే మందు అది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ కూడా ఈ కోవలోనివే. ఏ కంపెనీదైనా ఒకదానికే కట్టుబడి ఉండాలి, మార్చక తప్పకపోతే ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ పరీక్ష చేయించి డాక్టరుకు చూపించాలి. నెలకు వంద, నూటయాభై రూపాయలకు మించని ఆ ఒక్క సీసా దగ్గర పొదుపు చేయవలసిన పని లేదు. జన ఔషధి నుంచి తెచ్చిన స్ట్రిప్‌ల మీద అసలు పేర్లు ఇంగ్లీషులో, చూడడానికి అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, నాన్నగారు కంగారు పడకుండా ఒక్కో దాని మీద స్కెచ్ పెన్నుతో తెలుగులో ‘షుగరు – పొద్దున’, ‘బీపీ – రాత్రి’ అని మీరే రాసి ఇవ్వండి.